240జడ్‌లో ఏ ఇంజిన్ పెట్టాలి? ముందు రేకు, బ్రేకులు, వైరింగ్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: డాలస్‌లో ఉంటున్నారు, 1972 డాట్సన్ 240జడ్ (నిస్సాన్ తన డాట్సన్ పేరుతో అమ్మిన స్పోర్ట్స్ కారు) ఒకటి కొన్నారు. చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉన్న కారు. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కాలేదు. పాత అందం చెడకుండా ఇప్పటి కార్ల వేగం కావాలి. చేతిలో 35 వేల డాలర్లు, వారాంతాలు, రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉన్నాయి. కార్వెట్‌లో వచ్చిన ఎల్‌ఎస్ వీ8 ఇంజిన్ పెట్టాలా, నిస్సాన్ స్కైలైన్‌లోని ఆర్‌బీ26 పెట్టాలా, కారుతో వచ్చిన ఎల్24 ఇంజిన్‌నే బాగుచేసుకోవాలా?

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఎల్ సిరీస్ ఇంజినే ఉంచండి. 200 హార్స్‌పవర్ దగ్గర ఆగండి. మీ డబ్బులో సగానికి పైగా రేకు పనికి, సస్పెన్షన్‌కి, బ్రేకులకి, వైరింగ్‌కి కేటాయించండి. ఇంజిన్ మీద చెయ్యి వేసేది ఇవన్నీ అయ్యాకే. నేను మిషిగన్‌లో ఈ ఎస్30 బాడీ (240జడ్ తరం) కార్ల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంజిన్‌తో మొదలుపెట్టిన కార్లు సగంలో ఆగిపోయి, విడిభాగాల డబ్బాలతో సహా అమ్మకానికి రావడం ఎన్నోసార్లు చూశాను. కొత్త ఇంజిన్ స్టాండు మీద మెరుస్తూ ఉంటుంది, కింద ఫ్లోరులోంచి నేల కనిపిస్తూ ఉంటుంది.

200 సరిపోతుందా అని మీకు అనుమానం రావచ్చు. ఎల్24కి కంపెనీ చెప్పిన అంకె 151 హార్స్‌పవర్. అది పాత గ్రాస్ లెక్క, అంటే ఇంజిన్‌ని కారులోని ఎగ్జాస్ట్ లాంటి భాగాలు లేకుండా విడిగా కొలిచింది. ఇప్పటి నెట్ పద్ధతిలో కొలిస్తే ఇంకా తక్కువే వస్తుంది. ఇటీవలి వరకు అమ్మిన 4 సిలిండర్ల క్యామ్రీకే 203 ఉంది. అయితే క్యామ్రీ బరువు దాదాపు టన్నున్నర. మీ 240జడ్ టన్ను మీద కాస్త ఎక్కువ, 1,050 కిలోలకు అటూ ఇటూ. అదే 200 ఈ కారులో ఉంటే టన్నుకు 190 దాకా పడుతుంది, క్యామ్రీలో 135 దాటదు. పైగా ఇందులో మీరు నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటారు, స్టీరింగ్‌కి పవర్ లేదు, ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. 400 హార్స్‌పవర్‌తో వర్షంలో దీన్ని నడపడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

కారు సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది అక్కడి నుంచే తేలుతుంది. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జడ్ పేరుతో వచ్చింది. 1970లో అమెరికాలో 240జడ్‌గా అమ్మకం మొదలైంది, ధర 3,526 డాలర్లు. డిజైన్ బృందానికి యోషిహికో మత్సువో నాయకుడు. అమెరికాలో నిస్సాన్ వ్యవహారాలు చూసిన యుతాకా కతయామా ఈ కారు కోసం పట్టుబట్టిన మనిషి. ఆ ధరకి ఓవర్‌హెడ్ క్యామ్ ఉన్న 6 సిలిండర్ల ఇంజిన్, ముందు డిస్క్ బ్రేకులు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చారు. అదే రోజుల్లో ఎంజీబీకి, మస్టాంగ్‌కి వెనక ఒకే గట్టి యాక్సిల్ ఉండేది. పీట్ బ్రాక్ రేసింగ్ బృందం కారులో జాన్ మోర్టన్ 1970, 1971లలో ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు) సీ-ప్రొడక్షన్ తరగతి జాతీయ టైటిల్ గెలిచాడు. 1971లో, మళ్లీ 1973లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ కూడా 240జడ్‌దే. 1973లో గెలిచిన శేఖర్ మెహతా ఉగాండాలో పుట్టిన మన భారత సంతతి డ్రైవరు. మట్టి, బురద, గుంటల్లో వేల కిలోమీటర్లు తట్టుకున్నది ఈ బాడీ, ఈ ఎల్ ఇంజినే. ఈ కారుకి పుట్టుకతో వచ్చిన బలం తేలికదనం, బ్యాలెన్స్. మీరు చేసే ప్రతి మార్పూ వాటిని కాపాడుతోందా అని చూసుకోవాలి.

ఇంజిన్ మార్చడం తప్పని నేను అనను. నిస్సానే జపాన్‌లో జడ్432 అని చేసింది. అప్పటి స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఉన్న 2 లీటర్ల ఎస్20 ఇంజిన్ తెచ్చి ఇందులో పెట్టింది. సిలిండర్‌కి 4 వాల్వులు, 3 కార్బురేటర్లు, 2 క్యామ్‌షాఫ్టులు కాబట్టి 432. కాబట్టి ఆర్‌బీ26 పెట్టే వాళ్లకి ఒక సంప్రదాయం ఉంది. నా అభ్యంతరం వరుస మీదే.

ఇక తుప్పు. ఈ కారుకి అసలు శత్రువు ఇదే. టెక్సాస్ కారు కదా, మా మిషిగన్ లాగా రోడ్ల మీద ఉప్పు చల్లరు కదా అని ధీమాగా ఉండొద్దు. అప్పట్లో రేకు పలచన, తుప్పు నిరోధక పూత నామమాత్రం. ఎక్కడెక్కడ తింటుందో ఈ కార్లలో దాదాపు ఒకేలా ఉంటుంది.

బానెట్ ఎత్తండి. ప్యాసింజర్ వైపు మూలన బ్యాటరీ ట్రే ఉంటుంది. దాన్ని చూసి ఆగిపోకండి, జాకీ పెట్టి కారు ఎత్తి, స్టాండ్లు వేసి, సరిగ్గా ఆ ట్రే కిందకి వెళ్లండి. అక్కడ ఫ్రేమ్ రైలు ఉంటుంది, పలచటి రేకును పెట్టెలాగా మడిచి అతికించింది. దశాబ్దాలుగా బ్యాటరీ యాసిడ్ కారింది దాని మీదకే. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. బాగున్న రేకు టంగుమంటుంది. లోపల తినేసిన చోట శబ్దం మొద్దుబారుతుంది. అక్కడ మొనతో నొక్కండి. నల్లటి అండర్‌కోటింగ్ పైకి నున్నగానే ఉంటుంది, కానీ మొన సులువుగా దిగిపోతుంది, బయటికి తీస్తే ఎర్రటి పొర అంటుకుని వస్తుంది. అలా ఒక్క చోట దిగినా ఆ రైలు మొత్తం విప్పి చూడాల్సిందే. ముందు సస్పెన్షన్ బరువు మోసేది అదే.

తర్వాత వైపర్ల కింద ఉండే కౌల్, అంటే వాన నీళ్లు చేరే గాడి. ఆకులు, దుమ్ము చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. ముందు ఫెండర్ల వెనక నుంచి కిందకి కారాలి. రాకపోతే ఆ నీళ్లు ఇన్నేళ్లూ ఎటు పోయాయో ఫ్లోరు చెబుతుంది. డోర్ల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు (రాకర్లు), వెనక చక్రం ముందుండే మూల, స్పేర్ టైరు గుంట, వెనక తలుపు (హ్యాచ్) తాళం పడే ప్యానెల్, టెయిల్ లైట్ల కింద, ఇవన్నీ చూడండి. రేకు మీద గీత పడకుండా చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. అతుక్కోని చోట పుట్టీ ఉన్నట్టే.

ఫ్లోరు మీద కంపెనీ వేసిన తారు లాంటి షీటు ఉంటుంది. గోకితే రోజులు పడుతుంది. డ్రై ఐస్ ముక్కలు పరిచి, షీటు బాగా గడ్డకట్టాక సుత్తితో తడితే పెంకుల్లా లేచి వస్తుంది. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. మూసిన గదిలో డ్రై ఐస్ ఆవిరైతే ఊపిరాడదు. కింద రేకు ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది. ఫ్లోరు, రైళ్లు రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. అసలు రైళ్లకంటే కాస్త మందమైన రేకుతో చేసినవి, సీటు కింద వరకు పొడిగించినవి దొరుకుతాయి. పాత రేకును కోసేముందు మాత్రం డోరు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి బిగించండి, డోర్ల చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. ఒకసారి ఒక వైపు మాత్రమే కోయండి. రెండు వైపులా ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత డోర్లు ఎంత సర్దినా పడవు. వెల్డింగ్ మీకు రాకపోతే ఈ ఒక్క పని వచ్చినవాళ్లకి అప్పగించండి. మీ బడ్జెట్లో పెద్ద ముక్క ఇక్కడికే పోతుంది. అంత ఖర్చు చేయదగ్గ చోటు కూడా ఇదే.

పెయింట్ చివరి పని. మొత్తం కారు ఒకసారి పెయింట్ లేకుండానే బిగించి, నడిపి, శబ్దాలూ లీకులూ అన్నీ చూసుకుని, మళ్లీ విప్పి అప్పుడు రంగు వేయించండి. రెండింతల పని లాగా అనిపిస్తుంది. కానీ కొత్త పెయింట్ మీద గేరుబాక్స్ బ్రాకెట్ కోసం గ్రైండర్ పెట్టాల్సి వస్తే కలిగే బాధ మీకు వద్దు. రంగు మార్చాలనుకుంటే ముందు ఇంజిన్ బేలో ఉన్న ప్లేటు మీద అసలు రంగు నంబరు చూడండి. 918 అయితే ఆ ఆరెంజే వేయించండి అని నా మనవి. ఈ కారుకి అంతకన్నా నప్పే రంగు లేదు.

సస్పెన్షన్‌లో మిమ్మల్ని ఏడిపించేది వెనక స్పిండిల్ పిన్. వెనక స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కాలు) అడుగున ఉన్న పోత ఇనుములోంచి ఒక పొడవాటి పిన్ దూరి, చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ని పట్టుకుంటుంది. యాభై ఏళ్ల తుప్పుతో అది పోతలో ఒకటైపోయి ఉంటుంది. మధ్యలో చిన్న లాక్ పిన్ ఉంటుంది, అది తీయకుండా పెద్ద పిన్ కదలదు. ఇది తెలియక చాలామంది సుత్తి తీసుకుంటారు. రెండు దెబ్బలకి చివరి మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి, ఇక ఆ పిన్ రంధ్రంలోంచి రానే రాదు. ముందు లాక్ పిన్ తీయండి, తుప్పు వదిలించే ఆయిల్ కొన్ని రోజులు పట్టించండి, తర్వాత దీనికోసమే చేసిన పుల్లర్‌తో లాగండి. పుల్లర్ అద్దెకి కూడా దొరుకుతుంది. కొత్త పిన్లు ముందే తెప్పించుకోండి.

సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లన్నీ తీసేసి, గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయూరిథేన్ వేయడం మంచిదే, స్టీరింగ్ బిగువుగా తయారవుతుంది. ముందు చక్రం ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునే టీసీ రాడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ రెండు వైపులా గట్టి పాలీ వేస్తే రాడ్‌కి వంగే వీలు ఉండదు, ప్రతి గుంటలో అది మర చుట్లున్న చోట అలసిపోయి ఒకరోజు విరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు విరిగితే చక్రం వెనక్కి పోతుంది. ఒక వైపు రబ్బరే ఉంచండి, లేదా బాల్ జాయింటుతో చేసిన రాడ్లు కొనండి. కిట్‌లో రెండు వైపులకీ పాలీ ఇచ్చారు కదా అని వేసేయొద్దు.

స్ట్రట్‌లలో ఎత్తు సర్దుకునే కాయిలోవర్లు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. కారుని మరీ కిందకి దింపకండి. కంట్రోల్ ఆర్మ్‌లు పైకి వాలిపోయేంత దింపితే చూడ్డానికి బాగుంటుంది, మలుపులో బాగా నడవదు. అసలు చక్రాలు 14 అంగుళాలవి, వెడల్పు నాలుగున్నర అంగుళాలే. ఆ సైజులో ఇప్పుడు మంచి టైర్లు దొరకడం కష్టం. 4 బోల్టులు, అవి కూర్చునే 114.3 మిల్లీమీటర్ల సర్కిల్ ఉన్న 15 అంగుళాల చక్రాలు, 7 అంగుళాల వెడల్పు, 205 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేస్తే ఫెండర్ కోయనక్కర్లేదు. నా లెక్కలో ఈ కారు రోడ్డు నడకని అన్నిటికంటే ఎక్కువ మార్చేది ఈ టైర్లే.

బ్రేకులకి వద్దాం. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఉన్నా అది 24 ఏళ్ల లోపు కార్లకే. అంటే మీ కారు బ్రేకులు పట్టుకుంటున్నాయా లేదా అని అడిగే అధికారి ఎవరూ ఉండరు. ఆ బాధ్యత మొత్తం మీదే. ఏళ్ల తరబడి ఆగిన కారులో బ్రేక్ హోసులు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల వాచి మూసుకుపోయి ఉంటాయి. హోసులు, గొట్టాలు, పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి వేయండి. ఇందులో రాజీ లేదు.

దాని మీద అప్‌గ్రేడ్ కావాలంటే ఈ కార్ల వాళ్లందరూ ఏళ్లుగా చేస్తున్న పద్ధతి ఒకటుంది. 1980ల టొయోటా 4x4 పికప్ ట్రక్కులో వచ్చే 4 పిస్టన్ల కాలిపర్లు (డిస్క్‌ని పట్టి నొక్కేవి) 240జడ్ ముందు స్ట్రట్‌కి బోల్టులతో కూర్చుంటాయి. డిస్క్ వెనకుండే రేకు కవచం కొంచెం కోయాలి. ఏ కాలిపర్‌కి ఏ డిస్క్ మందం సరిపోతుందో, చక్రం లోపల ఖాళీ ఎంతుందో కొనేముందే కొలుచుకోండి. పెద్ద కాలిపర్లు ఎక్కువ ఫ్లూయిడ్ అడుగుతాయి, అందుకే అసలు 7/8 అంగుళాల మాస్టర్ సిలిండర్ తీసి, దీని తర్వాతి తరం 280జడ్‌ఎక్స్‌లోని 15/16 అంగుళాలది వేస్తారు. లేకపోతే పెడల్ సగం దాకా దిగాక గానీ పట్టదు. వెనక డ్రమ్ములు అల్యూమినియంతో చేసినవి, రెక్కలు ఉండి వేడి బాగా వదులుతాయి. రోడ్డు మీద నడిపే 200 హార్స్‌పవర్ కారుకి అవి చాలు. వెనక డిస్కులు పెట్టాక హ్యాండ్ బ్రేక్ సరిగా పట్టని కార్లు, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే కార్లు చాలా నా దగ్గరికి వచ్చాయి. ఆ డబ్బు సీటు బెల్టులకి పెట్టండి. మూడు పాయింట్ల కొత్త బెల్టులు, తలకి ఆసరా ఉన్న మంచి సీట్లు ముందు.

వైరింగ్ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. హెడ్‌లైట్లకి రిలేలు (పెద్ద కరెంటుని స్విచ్ బదులు మోసే పరికరాలు) లేవు. కరెంటంతా స్టీరింగ్ దగ్గరున్న స్విచ్‌లోంచే పారుతుంది, ఫ్యూజు పెట్టెలో ఆ చోట ప్లాస్టిక్ కరిగిన కార్లు లెక్కలేనన్ని. మీ ఫ్యూజు పెట్టె మూత తీసి వెనక వైపు చూడండి, గోధుమ రంగు తిరిగి ఉంటే అదే. రిలేలతో రెడీగా ఉన్న వైర్ల కట్ట (హార్నెస్) కొని వేస్తే స్విచ్ మీద భారం పోతుంది, లైట్లు కూడా కళ్లు తెరుస్తాయి. డాష్‌బోర్డ్ యామీటర్‌లోంచి చార్జింగ్ కరెంటు మొత్తం వెళ్తుంది, దాన్ని తప్పించి వోల్ట్ మీటర్ పెట్టండి. పాత ఆల్టర్నేటర్ బదులు రెగ్యులేటర్ లోపలే ఉన్న 280జడ్‌ఎక్స్ ఆల్టర్నేటర్ సరిగ్గా సరిపోతుంది. ఆ మార్పిడిలో ఒక డయోడ్ పెట్టాలి. పెట్టకపోతే తాళం తీసినా ఇంజిన్ ఆగదు, ఆల్టర్నేటర్ నుంచి వెనక్కి వచ్చే కరెంటు ఇగ్నిషన్‌ని బతికిస్తూనే ఉంటుంది. స్పార్కుని నడిపే పాత పాయింట్లు తీసి అదే 280జడ్‌ఎక్స్ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేయండి, పాయింట్లని మాటిమాటికీ సర్దే బాధ పోతుంది. ఎర్త్ వైర్లు అన్నీ విప్పి, రేకు మెరిసేదాకా గీకి మళ్లీ బిగించండి. పాత కారులో అంతుపట్టని కరెంటు జబ్బులు సగం ఇక్కడే నయమవుతాయి.

ఇప్పుడు ఇంజిన్. మీ ఎల్24 చేత్తో తిరుగుతోంది అన్నారు, అది శుభవార్త. స్టార్టర్ ముట్టుకోకండి. ముందు ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ వేసి, ఒక రాత్రి ఉంచి, స్పానర్‌తో మెల్లగా తిప్పండి. ఆయిల్, కూలెంట్ మార్చండి. పాత పెట్రోలు ఉన్న ట్యాంకు దింపి కడిగించండి. లోపల తుప్పు, జిగురు ఉంటాయి, అవి కార్బురేటర్‌కి చేరితే మళ్లీ మొదటికొస్తారు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, అన్నీ ఇంజెక్షన్ గ్రేడు హోసులతో మార్చండి. ఈ కార్లు తగలబడేది ఎక్కువగా అక్కడే. తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో కొలవడం. అంకె పెద్దగా ఉండటం కన్నా ఆరు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.25 మిల్లీమీటర్లు పెట్టండి. క్యామ్ మీద రాకర్ ఆర్మ్‌లు (వాల్వుల్ని నొక్కే మీటలు) జారుతూ పనిచేసే ఇంజిన్ ఇది, అందుకే జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. మామూలు కొత్త కార్ల ఆయిల్‌తో క్యామ్ అరుగుతుంది.

హెడ్ విప్పాల్సి వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. క్యామ్ స్ప్రాకెట్ తీసేముందు టైమింగ్ చైను రెండు వరసల మధ్యకి చెక్క ముక్కను పై నుంచి దింపి బిగించండి. దారం కట్టి దింపితే మళ్లీ లాగడం సులువు. ఆ చెక్క లేకుండా స్ప్రాకెట్ తీస్తే చైను వదులై, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ లోపల ఊడి బయటికొస్తుంది. దాన్ని తిరిగి పెట్టాలంటే ముందు కవరు మొత్తం విప్పాలి. గంట పని రెండు వారాంతాలు అవుతుంది.

వేగం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఇదే బాడీతో తర్వాత వచ్చిన 280జడ్‌లోని ఎల్28 నుంచి. 2,753 సీసీ, 86 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 79 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). మీ ఎల్24 ఉన్న మౌంట్ల మీదే కూర్చుంటుంది, అదే గేరుబాక్స్‌కి బిగుస్తుంది, బానెట్ తెరిస్తే చాలామందికి తేడా కూడా తెలియదు. దానికి మంచి హెడ్ పని, కొంచెం చురుకైన క్యామ్, మంచి ఎగ్జాస్ట్ హెడర్ చేయిస్తే 200 దగ్గరికి నమ్మకంగా వస్తుంది. మీ అసలు ఎల్24ని నూనె రాసి, కవరు చుట్టి మూలన దాచండి. ఇంకా ఆకలి ఉంటే ఎల్28 బ్లాకులో నిస్సాన్ డీజిల్ ఎల్‌డీ28 క్రాంకు వేసి స్ట్రోకు 83కి, బోరు 89కి పెంచి 3.1 లీటర్లు చేసేవాళ్లు ఉన్నారు. శబ్దం విన్నారంటే వదలరు. అయితే డీజిల్ క్రాంకు దొరకడం కష్టం, మెషిన్ షాపు ఖర్చు మీ బడ్జెట్‌ని దాటేస్తుంది.

కార్బురేటర్లా, ఇంజెక్షనా? 1972 కారుకి గుండ్రటి టాపు ఉన్న హిటాచీ ఎస్‌యూ కార్బురేటర్లు వచ్చాయి. 1973లో పొగ నిబంధనల కోసం పెట్టిన చదును టాపు రకం ఎవరైనా మధ్యలో బిగించారేమో చూడండి, ఉంటే తీసేయండి. గుండ్రటివి బాగుచేసి, రెండూ సమంగా గాలి పీల్చేలా సర్ది, డ్యాంపర్లలో ఆయిల్ నింపితే రోజూ ఆఫీసుకి తీసుకెళ్లొచ్చు. కొత్త కారు లాగా తాళం తిప్పగానే పట్టుకోవాలంటే ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌తో ఇంజెక్షన్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అప్పుడు హైప్రెషర్ పంపు, ట్యాంకుకి తిరిగొచ్చే లైను, మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకి పోయినా పంపుకి అందే ఏర్పాటు, పొగలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ అన్నీ కావాలి. ఫుల్ థ్రాటిల్‌లో గాలి-ఇంధనం నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్యలో ఉందని చూడకుండా గట్టిగా తొక్కొద్దు.

గేరుబాక్స్ మార్పు మాత్రం తప్పక చేయండి. అమెరికాకి వచ్చిన 240జడ్‌లో 4 గేర్లే. హైవే మీద ఇంజిన్ అరుస్తూ ఉంటుంది. తర్వాతి 280జడ్, 280జడ్‌ఎక్స్‌లలోని 5 గేర్ల బాక్సు మీ 1972 కారులో పెద్ద కోతలు లేకుండా కూర్చుంటుంది. వెనక చక్రాలకి శక్తి పంచే అసలు ఆర్180 డిఫరెన్షియల్ 200 హార్స్‌పవర్‌ని మోస్తుంది. ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే లిమిటెడ్ స్లిప్ కావాలంటే సుబారు ఎస్‌టీఐలోని ఆర్180 తెచ్చి, సరైన స్టబ్ యాక్సిళ్లతో బిగిస్తున్నారు. చాలా బాగుంటుంది, ఒకేసారి అవసరం లేదు.

ఇక మీరు అడిగిన ఆ రెండు ఇంజిన్లు. ఎల్‌ఎస్1 అల్యూమినియం ఇంజిన్, 5.7 లీటర్లు, 1997 కార్వెట్‌లో 345 హార్స్‌పవర్. బరువు మీ ఇనుప ఎల్24తో పోలిస్తే పెద్ద తేడా లేదు, వెనక్కి జరిపి కూర్చోబెట్టొచ్చు, విడిభాగాలు అమెరికాలో ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. డబ్బుకి వచ్చే శక్తి చూస్తే దీన్ని మించింది లేదు. ఆర్‌బీ26డీఈటీటీ 1989లో ఆర్32 జీటీ-ఆర్‌తో వచ్చిన ట్విన్ టర్బో, 276 హార్స్‌పవర్ అని కంపెనీ లెక్క, ఎల్ వంశం తర్వాత నిస్సాన్ చేసిన ఇన్‌లైన్ సిక్స్. ఈ కారులో అందంగా ఒదుగుతుంది, కానీ ఇప్పుడు దాని ధర ఆకాశంలో ఉంది. ఏది పెట్టినా బిల్లు ఇంజిన్‌తో ఆగదు. గేరుబాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, ఇంకా గట్టిదైన ఆర్200 డిఫరెన్షియల్, సీవీ జాయింట్లున్న హాఫ్ షాఫ్టులు, రేడియేటర్, ఇంధన వ్యవస్థ, ఇంకా పెద్ద బ్రేకులు, బాడీ మెలితిరగకుండా రైళ్లని కలిపే దన్నులు, రోల్ బార్ వరసగా వస్తాయి. అంత టార్కుకి ఈ పలచటి బాడీ వెల్డింగుల దగ్గర పగుళ్లు ఇస్తుంది. మీ 35 వేలలో రేకు పనితో కలిపి అది పూర్తికాదు. వేరే చోట ఇప్పటికే తుప్పు పని అయిపోయి, ఇంజిన్ లేని బాడీ దొరికితే, రోజూ వెల్డింగ్ చేసే చెయ్యి మీకు ఉంటే, అప్పుడు ఎల్‌ఎస్ పెట్టమని నేనే చెబుతాను.

డబ్బు కోణంలోనూ ఒకసారి ఆలోచించండి. 2020 జనవరిలో దాదాపు చెక్కుచెదరని ఒక 240జడ్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకి పోయింది. 1990ల చివర్లో నిస్సానే కొన్ని 240జడ్‌లని కొత్తవాటిలా బాగుచేయించి డీలర్ల దగ్గర 24,950 డాలర్లకి అమ్మింది. మీ కారు అంత ధర పలుకుతుందని కాదు. కానీ అసలు ఇంజిన్ నంబరు ఇంజిన్ బేలోని ప్లేటు మీదున్న నంబరుతో సరిపోయే కారు ఏటేటా అరుదవుతోంది. అందుకే నేను చెప్పిన మార్పులు దాదాపు అన్నీ బోల్టు విప్పితే పోయేవే. తీసిన ప్రతి భాగాన్నీ సంచిలో వేసి, ఎక్కడిదో రాసి దాచండి. చివరికి చిన్న క్లిప్పులు కూడా, ఎందుకంటే వాటి కొత్త కాపీలు సరిగ్గా సరిపోవు. పని పూర్తయ్యాక విలువ కట్టించి, ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే క్లాసిక్ ఇన్సూరెన్సు తీసుకోండి. మామూలు పాలసీలో దీన్ని పాత డొక్కు కింద లెక్కేస్తారు.

ఒక చిన్న విషయం, ఎవరూ ముందు చెప్పనిది. నడిపేటప్పుడు కారులో పొగ వాసన వస్తే ఇంజిన్‌ని తిట్టుకోవద్దు. వెనక గాలి సుడి పొగని టెయిల్ లైట్ల చుట్టూ, హ్యాచ్ చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి లాగుతుంది. టెయిల్ లైట్ గాస్కెట్లు, హ్యాచ్ రబ్బరు, హ్యాచ్ లోపలి ప్లగ్గులు కొత్తవి వేయండి. తలనొప్పి సంగతి పక్కన పెట్టినా అది కార్బన్ మోనాక్సైడ్, పిల్లల్ని ఎక్కించే ముందు తప్పకుండా సరిచేయాలి.

ఈ వారాంతం కారు ఎత్తి, బ్యాటరీ ట్రే కింద రైలు, రెండు వైపులా ఫ్లోరు, స్పేర్ టైరు గుంట, ఫ్యూజు పెట్టె వెనక భాగం ఫొటోలు తీసి పెట్టండి. కంప్రెషన్ అంకెలు ఆరూ వరసగా రాయండి. కార్బురేటర్ల టాపు గుండ్రంగా ఉందో చదునుగా ఉందో చెప్పండి. అవి చూశాక రేకు పనికి ఎంత పక్కన పెట్టాలో, ఎల్28 కోసం ఇప్పుడే వెతకాలా, మీ ఎల్24తోనే మొదటి ఏడాది నడిపేయొచ్చా అన్నది ఖచ్చితంగా చెప్పగలను.